ఇడ్లీ బండికి బ్యాటరీ లెక్క



డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున తార్నాక చౌరస్తాలో నిలబడి చూడండి. చలి ఎముకల్లోకి పోతుంది. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో అయితే ఇంకొంచెం ఎక్కువ. అక్కడ చెట్లు ఎక్కువ. ఖాళీ జాగా ఎక్కువ. గాలికి అడ్డు తక్కువ.

హైదరాబాదులో 1946 జనవరిలో ఒక రోజు 6.1 డిగ్రీల చలి పడింది. అంత చలి రోజూ రాదు. కానీ 12, 13 డిగ్రీలు వచ్చినా చాలు. బండి మీద మూత లేకుండా పెట్టిన ఇడ్లీ కాసేపట్లోనే చల్లారిపోతుంది. చల్లారిన ఇడ్లీని ఎవరు తింటారు? పొద్దున్నే క్లాసుకు పోయే పిల్లలు, మెట్రో ఎక్కేవాళ్లు, ఆసుపత్రికి వచ్చినవాళ్లు వేడి వేడిగానే కావాలంటారు. బేరం పోతే బండి అక్కకు ఆ రోజు కూలి పోయినట్టే.

మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్కది ఇడ్లీ బండి. ఒక రోజు పలక పక్కన పెట్టి అడిగింది:

"టీచరమ్మా, బ్యాటరీ మీద నడిచే వేడి డబ్బా దొరుకుతదంట. పైసలు మస్తు అయితయంట. నా దగ్గర లైటు కోసం బ్యాటరీ ఉండనే ఉంది. దానికే తగిలిస్తే ఇడ్లీ మధ్యాహ్నం దాకా వేడిగ ఉంటదా?"

"అప్పు చేసి కొంటవా అక్కా?"

"సంఘంల తీసుకుంటా. వారం వారం కట్టాలె."

అప్పు అన్నాక ముందు లెక్క చూసుకోవాలి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. జవాబు బ్యాటరీ మీదే రాసి ఉంటుంది.

బ్యాటరీ మీద ఏం రాసి ఉంది?

బండ్ల మీద లైటు వెలిగించే చిన్న నల్ల బ్యాటరీని తిప్పి చూడండి. దాని మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం మనకు తెలిసినవే. ఒకచోట 12 అని ఉంటుంది. అది వోల్టులు. ఇంకోచోట 7 అని ఉంటుంది. అది ఆంపియర్-గంటలు. పేరు పెద్దదే గానీ భయపడకండి. ఈ రెండు అంకెలనూ గుణిస్తే బ్యాటరీలో ఎంత కరెంటు దాగి ఉందో తెలుస్తుంది.

12 × 7 = 84

దీన్ని 84 వాట్-గంటలు అంటారు.

బ్యాటరీని ఒక బిందె అనుకోండి. 84 అంటే బిందెలో పట్టే నీళ్లు. మనం తగిలించే బల్బు, ఫ్యాను, వేడి డబ్బా అన్నీ నల్లాలు. చిన్న నల్లా తిప్పితే నీళ్లు చాలాసేపు వస్తాయి. పెద్ద నల్లా తిప్పితే బిందె చిటికెలో ఖాళీ. నల్లా ఎంత పెద్దదో చెప్పేది 'వాట్లు'. బల్బు మీద, డబ్బా మీద ఆ అంకె రాసి ఉంటుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం.

బండి మీద ఎల్.ఇ.డి. బల్బు 5 వాట్లు. 84ని 5తో భాగిస్తే 16 గంటలు దాటి వస్తుంది.

వేడి డబ్బా 40 వాట్లు అనుకుందాం. 84ని 40తో భాగిస్తే 2 గంటలు.

ఇది కాగితం మీది లెక్క. సీసం బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే తొందరగా పాడైపోతుంది. సగం దగ్గర ఆపడం మంచిది. అంటే బల్బు 8 గంటలు, డబ్బా ఒక్క గంట. అక్క బండి పొద్దున 6 గంటల నుంచి 11 గంటల దాకా ఉంటుంది. ఒక గంట వేడికి అంత అప్పా!

ఇంకో లెక్క వినండి. ఒక లీటరు చల్లని నీళ్లు మరగాలంటే సుమారు 93 వాట్-గంటలు కావాలి. మన బ్యాటరీలో ఉన్నది 84. అంటే రెండు కిలోల పైన బరువున్న ఆ బ్యాటరీని పూర్తిగా పిండినా ఒక్క లీటరు నీళ్లు మరగవు!

"మరి ఇంట్ల ఇన్వర్టర్ పెద్ద బ్యాటరీ?" అని ఇంకో అక్క అడిగింది. మంచి ప్రశ్న. దాని మీద 12, 150 అని ఉంటాయి. గుణిస్తే 1800. సగం వాడితే 900. తొమ్మిది లీటర్ల నీళ్లు మరుగుతాయి. కానీ దాని బరువు 50 కిలోల పైనే. బండి తోసుకొని క్యాంపస్ ఎత్తు ఎక్కేవాళ్లకు ఆ బరువు ఎందుకు?

కరెంటు బిల్లుతో పోల్చి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. బిల్లులో 'ఒక యూనిట్' అంటే 1000 వాట్-గంటలు. మన చిన్న బ్యాటరీలో ఉన్నది యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. గోడ నుంచి కొన్ని రూపాయలకు వచ్చే ఒక్క యూనిట్‌ను మోసుకుపోవాలంటే అలాంటివి పన్నెండు బ్యాటరీలు కావాలి.

మరి గ్యాసు? ఒక లీటరు నీళ్లు మరిగించడానికి సుమారు 12, 13 గ్రాముల గ్యాసు పడుతుంది. మూడు నాలుగు రూపాయి బిళ్లల బరువు అంతే. గాలి బాగా కొడితే ఇంకొంచెం. రూపాయి బిళ్లలంత గ్యాసు చేసే పనిని రెండు కిలోల బ్యాటరీ చేయలేకపోతున్నది. బ్యాటరీ చెడ్డదని కాదు. దాని పని వేరు. వెలుగుకు, సెల్‌ఫోనుకు, చిన్న ఫ్యానుకు, తూకం మిషనుకు అది బంగారం. వేడి పుట్టించడం మాత్రం చాలా పెద్ద నల్లా.

అందుకే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కొత్తగా వేడి ఎలా పుట్టించాలి అని కాదు. పొయ్యి మీద ఎలాగూ పుట్టింది కదా, ఆ వేడిని పోకుండా ఎలా పట్టి ఉంచాలి?

వేడి ఎటు పోతుంది?

గిన్నె నుంచి వేడి మూడు దారుల్లో పారిపోతుంది. ఆవిరితో పైకి పోతుంది. గాలి తగిలి పక్కలకు పోతుంది. కింద చల్లటి రేకులోకి దిగిపోతుంది. మూత పెడితే మొదటి దారి మూసుకుంటుంది. చుట్టూ మందంగా ఏదైనా చుడితే రెండోది. కింద గోనె సంచి మడత వేస్తే మూడోది.

చుట్టడానికి ఏది మంచిది? లోపల గాలి చిక్కుకొని ఉండేది ఏదైనా మంచిదే. దూది, బొంత, గోనె, వరిగడ్డి, థర్మోకోల్. కదలని గాలి వేడిని పోనివ్వదు. థర్మోకోల్ చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు, గమనించారా? దానిలో దాదాపు అంతా గాలే.

ఈ సంగతి మన హైదరాబాదు వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. రంజాన్ నెలలో హలీం భట్టీలు చూసే ఉంటారు. పెద్ద గిన్నె చుట్టూ ఇటుకలు పేర్చి మట్టి మెత్తుతారు. మంట తగ్గించినా లోపల గంటల తరబడి కుతకుతలాడుతూనే ఉంటుంది. సైకిల్ మీద చాయ్ అమ్మేవాళ్ల క్యాను చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి ఉంటుంది. బైకుల మీద తార్నాక దారిలో పోయే పిల్లలు వీపున చదరం సంచి మోస్తారు కదా, ఇళ్లకు భోజనం చేర్చేవాళ్లు. ఆ సంచిలో బ్యాటరీ ఏమీ ఉండదు. లోపల స్పాంజి, దాని మీద వెండిలా మెరిసే కాగితం. అంతే.

ఫ్లాస్కు కూడా ఇలాంటిదే. దాన్ని 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త తయారు చేశాడు. రెండు గోడలు, మధ్యలో గాలి కూడా లేకుండా తీసేశాడు. ఆయన చేసింది చల్లటి వస్తువులను చల్లగా ఉంచడానికి! వేడి బయటికి పోనివ్వని గోడ, లోపలికి రానివ్వదు కూడా.

అక్క డబ్బా ఎలా చేసుకుంది?

ఆ అక్క బ్యాటరీ డబ్బా కొనలేదు. తెలిసిన మందుల దుకాణంలో అడిగి ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చుకుంది. మందులు చల్లగా రావాలని వాటిలో పెట్టి పంపుతారు. ఖాళీ అయ్యాక పారేస్తారు. చేపలు వచ్చిన పెట్టె మాత్రం తేకండి. ఎన్ని సార్లు కడిగినా ఇడ్లీకి ఆ వాసన పడుతుంది!

పెట్టె లోపల గోనె సంచి మడతలు వేసింది. మధ్యలో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా దించింది. పక్కల సందుల్లో ఉతికిన పాత చీర ముక్కలు కూరింది. పైన బొంత. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పొయ్యి మీది నుంచి దించిన గిన్నెను నేరుగా థర్మోకోల్‌కు ఆనించకూడదు. మరిగే వేడికి అది మెత్తబడి కరుగుతుంది. మధ్యలో గుడ్డ ఉండాలి. మంట దగ్గర పెట్టనే కూడదు. తొందరగా అంటుకుంటుంది.

ఇంకా కొన్ని కిటుకులు ఉన్నాయి. ఇవి బండి అక్కలు నాకు చెప్పినవే ఎక్కువ. ఖాళీ డబ్బాలో ముందుగా మరిగిన నీళ్లు పోసి, అయిదు నిమిషాలు ఉంచి పారబోయాలి. అప్పుడు ఇడ్లీ వేడిని డబ్బా తాగేయదు. డబ్బా నిండుగా ఉంటే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. సగం డబ్బా త్వరగా చల్లారుతుంది. అందుకే ఒక పెద్ద డబ్బా కంటే రెండు చిన్నవి మేలు. ఒకటి అమ్ముతుంటే రెండోది మూసి ఉండాలి. మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. ఇడ్లీ మీద, మూత కింద పలచటి నూలు గుడ్డ పరచాలి. లేకపోతే ఆవిరి నీళ్లయి ఇడ్లీ మీద కారి జిగటగా అవుతుంది.

ఇదే పెట్టె ఇంట్లో కూడా పనికొస్తుంది. అన్నం ఉడుకు పట్టి సగం అయ్యాక గిన్నెను మూతతో సహా పెట్టెలో దించి బొంత కప్పండి. అరగంట, ముప్పావు గంటలో మిగతా సగం దానంతట అదే ఉడుకుతుంది. యూరప్ దేశాల్లో యుద్ధాల రోజుల్లో కట్టెలు, బొగ్గు దొరకనప్పుడు ఆడవాళ్లు ఇలాగే గడ్డి నింపిన పెట్టెల్లో వండుకున్నారు. గ్యాసు బండ ధర చూస్తుంటే మనకూ అవసరమే అనిపిస్తుంది.

గోరువెచ్చన అంటే ప్రమాదం

ఇక్కడ కొంచెం ఆగి జాగ్రత్తగా చదవండి. ఇది బేరం సంగతి కాదు. పిల్లల ప్రాణం సంగతి.

తార్నాకలో, యూనివర్సిటీని ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో తమిళనాడు వైపు కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ కూడా 1918లోనే పుట్టింది. రెండూ ఒక ఈడువే అన్నమాట. మనం తినే తిండిలో ఏముంది, ఏ తిండితో రోగం వస్తుంది అనేది ఆ సంస్థ పని.

తిండి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ ఒక మాట చెబుతుంది. వండినది వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైన ఉంచాలి. చల్లగా ఉంచాలంటే 5 డిగ్రీల లోపు ఉంచాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అలా రెండు గంటలు దాటనివ్వకూడదు.

అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది. ఉడికించినా దాని విత్తనాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న కాసేపటికే వాంతులు. చిన్న పిల్లలు, ముసలివాళ్లు తట్టుకోలేరు.

ఇప్పుడు బ్యాటరీ డబ్బాను మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి. బ్యాటరీ నీరసించాక అది తిండిని బాగా వేడిగానూ ఉంచదు, చల్లబడనూ ఇవ్వదు. 35, 40 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఉంచుతుంది. సూక్ష్మజీవులకు కావాల్సింది సరిగ్గా అదే! డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. మనం వేడిగానే ఉందని నమ్ముతాం. నా మటుకు నాకు ఆ డబ్బా ఖర్చు కంటే ఈ ధీమాయే ఎక్కువ భయం.

60 డిగ్రీలు ఎలా తెలుస్తుంది? లోపలి స్టీలు గిన్నె ఒంటికి చేయి ఆనిస్తే వెంటనే తీసేయాలనిపించాలి. మూత తీస్తే పొగలు రావాలి. చేయి హాయిగా ఆనించి ఉంచగలిగితే అది గోరువెచ్చన. అప్పుడు సాంబారును మళ్లీ పొయ్యి మీద పెట్టి బాగా మరగనివ్వాలి. మన గుడ్డ పెట్టెకు కూడా ఇదే నియమం. అది వేడిని ఆలస్యంగా పోనిస్తుంది. పూర్తిగా ఆపదు. కొబ్బరి చట్నీని అసలు వేడి డబ్బా పక్కన పెట్టకండి. కొంచెం కొంచెంగా రుబ్బుకోండి. మిగిలితే పారేయండి. మనసుకు కష్టమే, కానీ పారేయండి.

మరి మన ఒంటికి?

ఇడ్లీ సంగతి అయింది. బండి దగ్గర నిలబడే అక్క సంగతి?

ఇప్పుడు బ్యాటరీ కోట్లు కూడా వచ్చాయి. జేబులో సెల్‌ఫోనుకు ఛార్జింగ్ పెట్టే పవర్ బ్యాంకు పెడితే కోటు లోపల తీగలు వేడెక్కుతాయి. మామూలు పవర్ బ్యాంకులో 37 వాట్-గంటలు ఉంటాయి. కోటు 10 వాట్లు తీసుకుంటే మూడున్నర గంటలు వస్తుంది. ఇడ్లీ డబ్బా కంటే ఇది నయం. ఎందుకంటే ఒంట్లో వేడి ముందే ఉంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. మనమే ఒక పొయ్యి!

ఆ 100 వాట్లను పట్టి ఉంచితే కోటు అవసరమే లేదు. మన తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి చేసేది ఆ పనే. ఉన్ని పోగుల మధ్య గాలి చిక్కుకుంటుంది. రాత్రంతా గొర్ల దగ్గర కావలి ఉండేవాళ్లకు బ్యాటరీ ఎక్కడిది? ఒక మందపాటి రగ్గు కంటే రెండు పలుచని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మంచిది. మధ్యలో గాలి పొర ఉంటుంది. తలకు, చెవులకు గుడ్డ కట్టుకోవాలి.

గడ్డకట్టే చలిలో బ్యాటరీకే చలి పెడుతుంది. హబ్సిగూడలో మెట్రో స్టేషన్ పేరున్న ఎన్జీఆర్ఐ సంస్థ తెలుసు కదా? భూమి లోపల ఏముందో పరీక్షిస్తారు. అక్కడి శాస్త్రవేత్తలు మంచు ఖండమైన అంటార్కిటికాకు కూడా వెళ్లి పనిచేశారు. అలాంటి చలిలో సీసం బ్యాటరీ బలం సగం దాకా పడిపోతుంది. అందుకే మంచు దేశాల్లో బ్యాటరీనే మందపాటి పెట్టెలో పెట్టి కప్పుతారు. సెల్‌ఫోను చొక్కా లోపల పెట్టుకుంటారు. మన హైదరాబాదు చలికి బ్యాటరీకి ఏమీ కాదు. మన దగ్గర దానికి ఎండే శత్రువు.

బ్యాటరీతో జాగ్రత్తలు

బ్యాటరీని పొయ్యి పక్కన పెట్టొద్దు. పెద్ద బ్యాటరీని మూసిన గదిలో ఛార్జింగ్ పెట్టొద్దు. ఛార్జింగ్ అప్పుడు మండే వాయువు వస్తుంది. కిటికీ తీసి ఉంచాలి. లోపల ఉండేది యాసిడ్. చేతి మీద పడితే వెంటనే చాలా నీళ్లతో కడగాలి. ఉబ్బిన పవర్ బ్యాంకును, ఉబ్బిన ఫోను బ్యాటరీని వాడొద్దు. అవి అంటుకుంటాయి.

పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీసి అమ్మితే నాలుగు పైసలు వస్తాయని కొందరు చెబుతారు. వద్దు. ఆ సీసం దుమ్ము పిల్లల కడుపులోకి పోతే వాళ్ల బుర్ర ఎదుగుదల దెబ్బతింటుంది. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణదారుకే ఇచ్చేయండి. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని 2001 నుంచి దేశంలో నిబంధన ఉంది. ధర తగ్గించమని అడగండి కూడా.

ఇంకొకటి. చలికి తట్టుకోలేక రాత్రి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటారు కొందరు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటిని వాకిట్లోనే ఉంచండి. ఇంకో దుప్పటి కప్పుకోండి.

చేసి చూడండి, రాయండి

1. రెండు స్టీలు లోటాల్లో సమానంగా మరిగిన నీళ్లు పోయండి. రెండింటికీ మూత పెట్టండి. ఒకదానికి పాత చీరను నాలుగు మడతలు చుట్టండి. ఒక గంట తర్వాత రెండింటినీ ముట్టుకొని చూడండి. తేడా రెండు వాక్యాల్లో రాయండి.

2. మీ ఇంట్లో లేదా బండి మీద ఉన్న బ్యాటరీ మీద అంకెలు చూసి రాయండి. వోల్టులు: ........ ఆంపియర్-గంటలు: ........ రెండూ గుణించండి: ........

3. మీ బల్బు ఎన్ని వాట్లు? సగం బ్యాటరీతో అది ఎన్ని గంటలు వెలుగుతుంది? లెక్క చేసి పక్కన కూర్చున్న అక్కకు చూపండి.